రైలు వెళ్లిపోయాక వంతెన: నడకదారిగా మార్చాలంటే ఏం చూడాలి?

మహబూబ్‌నగర్–డోన్, గుంటూరు–బీబీనగర్ మార్గాల డబ్లింగ్‌కు (ఉన్న లైను పక్కన రెండో లైను వేయడానికి) 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. మొదటి మార్గం గద్వాల దగ్గర కృష్ణను, కర్నూలు దగ్గర తుంగభద్రను దాటుతుంది. రెండోది నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా వెళ్లి విష్ణుపురం తర్వాత కృష్ణ దాటుతుంది. పక్కన కొత్త బ్రిడ్జి పడుతుందంటే ఎవరికైనా ఒక ఆలోచన వస్తుంది: పాతదాన్ని జనం నడవడానికి ఇచ్చేయొచ్చు కదా? పొద్దున వాకింగ్‌కు, సాయంత్రం నది చూడటానికి అంతకంటే మంచి చోటు ఏముంటుంది?

డబ్లింగ్‌లో మాత్రం అది కుదరదు. పాత లైను మీద ఒక దిక్కు రైళ్లు, కొత్త లైను మీద ఇంకో దిక్కు రైళ్లు నడుస్తాయి కాబట్టి రెండు బ్రిడ్జిలూ పనిలోనే ఉంటాయి. పాత బ్రిడ్జి ఖాళీ కావాలంటే లైను దారి మళ్లించాలి, లేదా గేజ్ (పట్టాల మధ్య దూరం) మారినప్పుడు పాతది కొత్త బరువుకు చాలక పక్కన ఇంకొకటి కట్టాలి, లేదా వయసైపోయి దాని బదులు కొత్తది రావాలి. రీగర్డరింగ్ అనే పని కూడా ఉంటుంది. పిల్లర్లు అలాగే ఉంచి పైన గర్డర్లు (పట్టాలను మోసే ఉక్కు దూలాలు) మాత్రం మారుస్తారు. దాంట్లో దిగిన పాత గర్డర్లు వేలంలో స్క్రాప్‌గా పోతాయి, వంతెనంటూ మిగలదు.

నిజంగానే ఒక బ్రిడ్జి ఖాళీ అయిందనుకుందాం. అందరూ ముందుగా చెప్పే మాట ఒకటే: వేల టన్నుల రైళ్లను మోసింది, మనుషులను మోయలేదా? ఇందులో నిజం సగమే ఉంది. ఆ సగం ఎంతో లెక్క వేసి చూడొచ్చు.

బ్రాడ్‌గేజ్ మెయిన్ లైన్ పాత ప్రమాణం ప్రకారం ఇంజన్ల వెనక వచ్చే బోగీల బరువు మీటరు పొడవుకు 7.67 టన్నులుగా లెక్కగడతారు. పట్టాలు, వాటి పక్కన కాపుగా వేసే గార్డు పట్టాలు, కర్ర స్లీపర్లు, ఫిట్టింగులు కలిపి మీటరుకు ఇంకో 400 కిలోల దాకా ఉంటాయి. అంటే ఎనిమిది టన్నులు. రైలు వేగానికి పడే అదురును విడిగా కలుపుతారు. ఇక నడకదారి సంగతి. జనం కిక్కిరిసే చోట చదరపు మీటరుకు 500 కిలోలు లెక్కలోకి తీసుకోవాలి. దారి వెడల్పు 3.5 మీటర్లయితే మీటరు పొడవుకు 1,750 కిలోలు. 150 మిల్లీమీటర్ల కాంక్రీట్ స్లాబ్ వేస్తే ఇంకో 1,310 కిలోలు. రెయిలింగు, దీపాల స్తంభాలు, కేబుళ్లు అన్నీ కలిపినా మూడు టన్నుల పైచిలుకు. రైలు బరువులో సగం కూడా లేదు.

చిక్కంతా ఆ బరువు ఎక్కడ పడుతుందన్న దగ్గర వస్తుంది. రైలు బరువు రెండు పట్టాల కింద వాటి పొడవునా ఉండే రెండు దూలాల మీదికి, అంటే స్ట్రింగర్ల మీదికి సూటిగా దిగుతుంది. అక్కడి నుంచి అడ్డ గర్డర్లకు, అడ్డ గర్డర్ల నుంచి పక్కల ఉండే పెద్ద ట్రస్‌లకు (త్రికోణాలుగా అల్లిన ఉక్కు చట్రాలకు) పోతుంది. ఆ స్ట్రింగర్ల మధ్య దూరం రెండు మీటర్ల లోపే. వాటి మీద 3.5 మీటర్ల స్లాబ్ పరిస్తే అటూ ఇటూ ముప్పావు మీటరు గాలిలో ఉంటుంది. ఏదైనా ఊరేగింపు వెళ్తుంటే చూడటానికి జనమంతా ఒకే రెయిలింగు పక్కన చేరతారు. అప్పుడు ఒక స్ట్రింగర్ మీద భారం బాగా పెరిగి, రెండోది పైకి లేవడానికి చూస్తుంది. రైలు ఉన్న రోజుల్లో ఆ బ్రిడ్జికి ఇలాంటి ఒంటిపక్క భారం తెలియదు. అందుకే పక్కల అదనంగా స్ట్రింగర్లు వేస్తారు, లేదంటే తేలికపాటి డెక్ (పైన నడిచే తలం) ఎంచుకుంటారు. ఫైబర్ గ్రేటింగ్ కాంక్రీట్ బరువులో పదో వంతు కూడా ఉండదు. దాని కన్నాల్లోంచి కింద నీళ్లు కనిపిస్తాయి కాబట్టి కొందరికి కాలు ముందుకు పడదు, కుక్కలైతే అసలు ఎక్కవు. చెక్క పలకలు చూడటానికి బాగుంటాయి గానీ మన ఎండకు చీలి, వానకు ఉబ్బి, మేకులు పైకి తేలతాయి.

కాంక్రీట్ వేస్తే నీటి గురించి కొత్తగా ఆలోచించాలి. రైలు బ్రిడ్జి డెక్ స్లీపర్ల మధ్య ఖాళీగా ఉంటుంది, పడ్డ వాన పడ్డట్టే కిందికి పోతుంది. స్లాబ్ వేశాక ఆ నీరంతా స్పాన్ (రెండు పిల్లర్ల మధ్య భాగం) చివర జాయింటు దగ్గర చేరి, గర్డర్ పిల్లర్ మీద ఆనే బేరింగుల మీద కారుతుంది. ఉక్కు ఎండకు సాగుతుంది. 45 మీటర్ల గర్డర్ చలికాలం తెల్లవారుజాముకూ మే నెల మిట్టమధ్యాహ్నానికీ మధ్య 25 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది, ఉక్కు వేడిలో 45 డిగ్రీల తేడాకు లెక్క ఇది. ఆ పెరుగుదలను సర్దుకోవడానికే ఒక చివర రోలర్లు పెడతారు. రోలర్లు తుప్పుతో బిగిసిపోతే గర్డర్ పిల్లర్‌నే నెడుతుంది. పిల్లర్ నెత్తిన ఉన్న బెడ్‌స్టోన్ పగులుతుంది, ఆ పగులులోకి నీరు దిగుతుంది. మార్పు పని మొదలుపెట్టినప్పుడు జాకీలతో గర్డర్లు ఎత్తి బేరింగులు మార్చడం తప్పనిసరి. టెండర్లలో ఖర్చు తగ్గించాలనుకుంటే ముందుగా కోత పడేది కూడా ఇక్కడే.

ఉక్కు ఎక్కడ పాడవుతుందో తెలియాలంటే దాని మీద ఏం పడిందో చూడాలి. బయో టాయిలెట్లు రాకముందు బోగీల మరుగుదొడ్లు నేరుగా పట్టాల మీదికే తెరుచుకునేవి. దశాబ్దాల పాటు ఆ మురుగు స్ట్రింగర్ల పైఅంచు మీద, అడ్డ గర్డర్ల మూలల్లో పేరుకుంది. పావురాల రెట్టలు, దుమ్ము తోడై ఆ మూలలు ఎప్పుడూ చెమ్మగా ఉంటాయి. ట్రస్ నిగనిగలాడుతూ కనిపించినా దాని అడుగున పొడవునా ఉండే ఉక్కు భాగానికి (కింది కార్డ్) అడ్డ గర్డర్ అతికే చోట ప్లేటు మందం సగానికి సగం పోయి ఉండొచ్చు. రెండు ప్లేట్ల మధ్య పుట్టిన తుప్పు అసలు ఉక్కు కంటే ఎన్నో రెట్లు చోటు తీసుకుని, ప్లేట్లను విడదీసి రివెట్ల తలలు తెంచేస్తుంది. అందుకే తనిఖీలో సుత్తితో ఒక్కో రివెట్‌నూ తట్టి చూస్తారు. గట్టి రివెట్ ఖంగుమంటుంది, వదులైనది బొంగురుగా పలుకుతుంది, దాని చుట్టూ ఎర్రటి తుప్పు చార కూడా దిగి ఉంటుంది. ప్లేట్ల మందం అల్ట్రాసోనిక్ మీటరుతో కొలుస్తారు. ఇసుక బ్లాస్టింగ్‌తో పాత రంగు గీకేటప్పుడు కింద పట్టలు కట్టాలి. పాతకాలపు ఎర్ర ప్రైమర్‌లో సీసం ఉంటుంది, అది నదిలో పడితే తాగునీటిలో కలుస్తుంది.

స్థానిక కాంట్రాక్టర్లు సాధారణంగా చేసే తప్పు వెల్డింగ్. పందొమ్మిదో శతాబ్దపు పోత ఇనుమైనా, సాగగొట్టిన ఇనుమైనా, తొలినాళ్ల ఉక్కయినా ఇప్పటి ఉక్కులాంటివి కావు. గంధకం, భాస్వరం ఎక్కువ, సాగగొట్టిన ఇనుములో పొరల మధ్య మడ్డి ఉంటుంది. వెల్డింగ్ వేడికి ఆ పొరలు విడిపోతాయి, అతుకు పక్కనే సన్నని పగులు మొదలవుతుంది. ముందుగా చిన్న ముక్క కోసి ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి. ఆ తర్వాత కన్నాలు వేసి హైటెన్సైల్ (ఎక్కువ బలమున్న) బోల్టులతో బిగించాలి. రెయిలింగ్ కాళ్లు కూడా అంతే. నాలుగు కాళ్లు అతికిస్తే ఏమవుతుందిలే అని గర్డర్ అంచుకే వెల్డింగ్ కొడితే పగులు పుట్టేది సరిగ్గా అక్కడే.

ఇదంతా కంటికి కనిపించే భాగం. వంతెనలను కూల్చేది చాలాసార్లు కంటికి కనిపించని నీళ్ల కింది సంగతి, దీనికి పాలమూరు, నల్లగొండ జిల్లాల చరిత్రే సాక్ష్యం.

1956 సెప్టెంబర్ 2న జడ్చర్ల–మహబూబ్‌నగర్ మధ్య వరదకు బ్రిడ్జి కూలి, రైలు వాగులో పడి వందమందికి పైగా చనిపోయారు. అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చింది మొదట ఈ ప్రమాదానికే, నెహ్రూ ఒప్పుకోలేదు. అదే ఏడాది నవంబర్‌లో తమిళనాడులోని అరియలూరు దగ్గర మరో బ్రిడ్జి కొట్టుకుపోయాక రాజీనామా ఖాయమైంది. శాస్త్రి రాజీనామా అనగానే అందరికీ అరియలూరే గుర్తుకొస్తుంది, మన జడ్చర్లను తలుచుకునేవాళ్లు తక్కువ. 2005 అక్టోబర్ 29న వలిగొండ దగ్గర ఎగువన చెరువు కట్ట తెగి, ఆ నీటికి చిన్న బ్రిడ్జి కొట్టుకుపోయింది. రేపల్లె నుంచి సికింద్రాబాద్ వెళ్తున్న డెల్టా ప్యాసింజర్ బోగీలు అందులో పడి వందమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. రెండుచోట్లా అవి వాగు మీది బ్రిడ్జిలే, కృష్ణ మీదివి కావు. గొలుసుకట్టు చెరువుల ప్రాంతంలో బ్రిడ్జి కింద నీటి దారిని వర్షాన్ని బట్టి లెక్క వేస్తారు. పైనున్న చెరువు తెగి ఒక్క గంటలో వచ్చిపడే నీరు ఆ లెక్కలో ఉండదు. ఒక చెరువుకు గండి పడితే కింది చెరువు కట్ట కూడా ఆగదు.

పెద్ద నదుల దగ్గర భయం ఇంకో రకం. ప్రవాహం పిల్లర్ ముక్కుకు తగిలి కిందికి సుడి తిరుగుతుంది, ఆ సుడి పునాది చుట్టూ ఇసుకను తవ్వేస్తుంది. మామూలు ప్రవాహంలో నది కోసుకునే లోతుకు రెండింతల దాకా పిల్లర్ దగ్గర గుంత పడుతుందని ఇంజనీర్లు లెక్కగడతారు. అసలు మోసం వరద తీసే వేళ ఉంటుంది. వేగం తగ్గగానే అదే గుంతలో వదులు ఇసుక వచ్చి నిండిపోతుంది. ఎండాకాలంలో వచ్చి చూసినవాళ్లకు పిల్లర్ చుట్టూ చక్కగా చదునుగా కనిపిస్తుంది. లోతు కొలవాల్సింది ఆగస్టు, సెప్టెంబర్ వరదలో, సీసం గుండు కట్టిన తాడుతోనో ఎకో సౌండర్‌తోనో (శబ్దంతో లోతు కొలిచే పరికరం). పిల్లర్ రాతి మీద కూర్చుంటే ఈ బెడద తక్కువ. ఇసుకలో దింపిన బావి పునాది అయితే ఆ బావి ఎంత లోతుకు దిగిందో తెలియకుండా ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. 2009 అక్టోబర్‌లో కర్నూలు, అలంపూర్, రాజోలి మునిగిన వరదలో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల దాకా నీరు వచ్చింది. ఆ ప్రాజెక్టు డిజైన్ వరద 19 లక్షలే. పాత రికార్డుల్లో ఉన్న గరిష్ఠ వరద మట్టాన్నే నమ్ముకుంటే ఎంత తేడా వస్తుందో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

రైలు నడిచినంత కాలం ఈ బ్రిడ్జిల మీద ఒక కన్ను ఉండేది. పిల్లర్ల మీద వరద మట్టం, ప్రమాద మట్టం గీతలు గీసి ఉంటాయి. వానాకాలంలో రాత్రుళ్లు పెట్రోల్‌మన్ లాంతరు పట్టుకుని నడుస్తాడు. ఏటా వానలు వెలిశాక అసిస్టెంట్ ఇంజనీర్ తనిఖీ చేసి బ్రిడ్జి రిజిస్టర్‌లో రాస్తాడు. ఉక్కు భాగాలకు అయిదేళ్లకోసారి బ్రిడ్జి ఇన్‌స్పెక్టర్ వివరంగా చూస్తాడు. పిల్లర్ల పక్కన ఇసుక తోడుతుంటే రైల్వే అడ్డం పడుతుంది. రైలు ఆగిన మర్నాటి నుంచి ఈ కాపలా కూడా ఆగిపోతుంది. బ్రిడ్జి అంతకుముందు రోజు ఎంత బలంగా ఉందో ఆ రోజూ అంతే బలంగా ఉంటుంది, దాన్ని చూసే మనిషి మాత్రం ఉండడు. నడకవంతెనగా మారే బ్రిడ్జికి పెద్ద ముప్పు మనుషుల బరువు వల్ల రాదు, ఈ చూసుకునే యంత్రాంగం చేతులు మారే సమయంలో వస్తుంది.

అమెరికాలో హడ్సన్ నది మీది పకీప్సీ బ్రిడ్జి కథ దీనికి సరిపోయే పాఠం. 1889లో రైళ్లు మొదలయ్యాయి. పొడవు 2,063 మీటర్లు, డెక్ నీటికి 65 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఇంజన్ల బరువు పెరిగేకొద్దీ మధ్యలో అదనపు ట్రస్ వేసి బలపరిచారు, తర్వాత రెండు లైన్లనూ మధ్యకు జరిపారు. 1974 మే 8న డెక్ మీది స్లీపర్లు అంటుకున్నాయి. కాలిపోయింది డెక్‌లో కొంత భాగమే, ఉక్కు నిలిచింది. అయినా బాగు చేయించే డబ్బు, ఆసక్తి రైల్వే కంపెనీకి లేకపోయాయి. ఆ తర్వాత ఆ బ్రిడ్జి ఒక్క డాలరుకు చేతులు మారింది. ఒక్క డాలరుకు ఎందుకంటే దాన్ని సొంతం చేసుకోవడమంటే పన్నులూ మరమ్మతులూ నెత్తిన వేసుకోవడమే. ప్రజా సంఘం ఒకటి 1998లో తీసుకుని, నిధులు కూడగట్టి, 2008లో పనులు మొదలుపెట్టి, 2009 అక్టోబర్ 3న జనానికి తెరిచింది. పాత డెక్ తీసేసి ముందే పోతపోసిన కాంక్రీట్ పలకలు వరసగా అమర్చారు. ఖర్చు 3 కోట్ల 88 లక్షల డాలర్లు. ఇప్పుడది రాష్ట్ర పార్కు. మంట పడిన రోజు నుంచి జనం నడిచే రోజుకు 35 ఏళ్లు పట్టింది, అందులో ఇంజనీరింగ్ పని రెండేళ్ల లోపే. మిగతా కాలమంతా ఎవరిది, ఎవరు పెడతారు అన్న తగాదాలోనే గడిచింది.

లూయీవిల్‌లో ఒహాయో నది మీది బిగ్ ఫోర్ బ్రిడ్జిది ఇంకో పాఠం. 1969లో రెండు చివర్లా ఎక్కే స్పాన్లు విప్పి ఇనుము కింద అమ్మేశారు. నది మధ్యలో బ్రిడ్జి మాత్రం ఎటూ పోని దారిగా నాలుగు దశాబ్దాలు నిలబడిపోయింది. 2013లో కెంటకీ వైపు, 2014లో ఇండియానా వైపు ర్యాంపులు కట్టాక గానీ నడిచే వీలు రాలేదు. ఈ సంగతి మనకూ వర్తిస్తుంది. రైలు ఎక్కే వాలు వందకు ఒకటి కంటే తక్కువే, కాబట్టి రైలు కట్ట మీదుగా చక్రాల కుర్చీ అయినా హాయిగా వెళ్తుంది. ఆ కట్ట మట్టి తవ్వుకుపోయి, స్థలం ఎవరికో దఖలు పడిందంటే 12 మీటర్ల ఎత్తు ఎక్కడానికి ఇరవైకి ఒకటి వాలుతో 240 మీటర్ల ర్యాంపు కట్టాలి. దాని ఖర్చు కొన్నిసార్లు బ్రిడ్జి ఖర్చును మించిపోతుంది. కాబట్టి బ్రిడ్జిని అడిగేటప్పుడు రెండు వైపులా కట్టను కూడా అడగాలి.

తెలుగు నేల మీద ఈ వరసలో ఉన్నది రాజమండ్రి హేవ్‌లాక్ బ్రిడ్జి. 56 స్పాన్లు, 1900లో రైలు ఎక్కింది, 1997లో దిగింది. పక్కనే 1974 నాటి రోడ్డు కమ్ రైలు బ్రిడ్జి, 1997 నాటి ఆర్చి బ్రిడ్జి పనిచేస్తున్నాయి. దాన్ని పర్యాటక స్థలం చేయాలన్న మాట ఏళ్ల తరబడి నలిగి, సుమారు 94 కోట్ల అఖండ గోదావరి పథకంలో చేరింది. 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. రైలు దిగాక ఇక్కడా పాతికేళ్లు దాటాయి.

మనవైపు ఇలాంటి బ్రిడ్జి తెరిస్తే దానికి అసలు పరీక్ష పుష్కరాల్లో వస్తుంది. కృష్ణా పుష్కరాలు 2016లో వచ్చాయి, మళ్లీ 2028లో వస్తాయి. బీచుపల్లి, వాడపల్లి, మట్టపల్లి లాంటి రేవుల్లో కాలు పెట్టే చోటుండదు. దగ్గర్లో నది మీద నడకదారి ఉందంటే జనం దాని మీదికే ఎక్కుతారు. పొడవైన స్పాన్లకు జనం బరువును చదరపు మీటరుకు 300 కిలోల దాకా తగ్గించి లెక్కించే వెసులుబాటు రోడ్డు వంతెనల నియమావళిలో ఉంది. పుష్కర రేవు దగ్గర ఆ తగ్గింపు తీసుకోకపోవడమే మంచిది. గుజరాత్‌లోని మోర్బీ వేలాడే వంతెన ఎప్పుడూ రైలు వంతెన కాదు గానీ దాని సంగతి తెలుసుకోవాలి. బాగు చేయించి 2022 అక్టోబర్ 26న తెరిచారు, 30న కూలి 135 మంది చనిపోయారు. ప్రధాన కేబుల్‌లోని 49 తీగల్లో 22 ముందే తుప్పు పట్టి ఉన్నాయని దర్యాప్తు తేల్చింది. పాత కేబుళ్లు మార్చకుండా పైన కొత్త ఫ్లోరింగ్ వేశారు, దాంతో బరువు ఇంకా పెరిగింది. రంగులూ దీపాలూ పడ్డాయి కదా అని లోపలి ఉక్కు కొత్తదైపోదు. కాబట్టి గేటు దగ్గర మనుషులను లెక్కబెట్టి ఆపే ఏర్పాటు, ఆ సంఖ్య ఎంతో డిజైన్ ఇంజనీరు సంతకంతో రాసిన బోర్డు మొదటి రోజు నుంచే ఉండాలి.

పక్కన రైలు నడుస్తూనే ఉంటే ఇంకో జాగ్రత్త. పై తీగలో 25 వేల వోల్టుల కరెంటు ఉంటుంది. నడకదారి నుంచి ఎవరైనా సెల్ఫీ కర్ర చాపినా, పతంగి దారం విసిరినా అందకుండా ఆ వైపు ఎత్తైన తెర కట్టాలి. రెండో వైపు రెయిలింగు కనీసం 1.2 మీటర్ల ఎత్తు, సైకిళ్లు వచ్చేచోట 1.4 మీటర్లు ఉండాలి, చువ్వల మధ్య సందు పది సెంటీమీటర్లకు మించకూడదు. చిన్నపిల్లల తల దూరే సందు అంతకంటే కొంచెమే ఎక్కువ.

మున్సిపాలిటీయో పంచాయతీయో బ్రిడ్జిని తీసుకునే రోజున తాళంచెవి కంటే ముందు చేతికి రావాల్సినవి కాగితాలు. బ్రిడ్జి రిజిస్టర్, కంప్లీషన్ డ్రాయింగులు, గరిష్ఠ వరద మట్టాలు, పునాదుల లోతు, గతంలో ఏ పిల్లర్ చుట్టూ బండలు పోశారో ఆ వివరం. ఆ తర్వాత ఏటా వానలకు ముందూ వెనకా తనిఖీకి బడ్జెట్‌లో విడిగా పద్దు కావాలి. రాతి పిల్లర్లను కూడా వదలకూడదు. సిన్సినాటి దగ్గర 1872 నాటి రైలు బ్రిడ్జిని నడకకు మార్చి, ఊదా రంగు వేసి ఎంతో బాగా నడుపుతుండగా 2021 మేలో పిల్లర్ నుంచి రాళ్లు ఊడి నదిలో పడ్డాయి, కొంత భాగం మూసేయాల్సి వచ్చింది. గచ్చు సున్నం కడిగిపోయిన రాతికట్టుకు పైపైన సిమెంట్ పూస్తే లోపలి చెమ్మ బయటికి రాక రాయి ఇంకా త్వరగా ఊడుతుంది. సున్నంతోనే సందులు నింపి, లోపలికి గ్రౌటింగ్ చేయాలి, అంటే పల్చటి మిశ్రమాన్ని ఎక్కించాలి. పునాది డ్రాయింగ్ దొరకని పిల్లర్ ఉంటే, దాని నెత్తి మీద నుంచి అడుగు దాకా కోర్ (తొలిచి తీసే కడ్డీలాంటి నమూనా) తీసి, పక్కన నదిలో బోరు వేసి లోతు తెలుసుకోవాలి. స్లాబ్‌కు టెండర్ పిలవాల్సింది ఆ రిపోర్టు చేతికొచ్చాకే.